ఆసుపత్రి ఖర్చుకు భూమి అమ్మకముందు: బీమా లేని రైతు తెలుసుకోవలసినవి

కిందటి వానాకాలం పంటల నమోదు కోసం ఒక రైతు పత్తి చేనుకు వెళ్ళాను. ముందు ఏడాది రికార్డులో ఆయనకు రెండు ఎకరాల 30 గుంటలు ఉంది. ఈసారి ట్యాబులో రెండు ఎకరాల 10 గుంటలే చూపిస్తోంది. పొరపాటేమో అనుకుని అడిగితే, "పొరపాటు కాదు సారూ, 20 గుంటలు పోయింది. అమ్మిన" అన్నాడు.

మూడేళ్ళ క్రితం ఆయన తండ్రికి గుండెనొప్పి వచ్చింది. ఊళ్ళో సూదులు వేసే ఆర్‌ఎంపీ ఆటో మాట్లాడి, తనకు తెలిసిన పట్నం ఆసుపత్రికి పంపాడు. స్టెంటు వేశారు. బిల్లు, మందులు, పరీక్షలు అన్నీ కలిపి 2 లక్షల 80 వేలు అయింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు 8,400 వడ్డీ. రెండేళ్ళు తిరిగేసరికి వడ్డీయే 2 లక్షలు దాటింది. అసలు అట్లాగే ఉంది. చివరికి రోడ్డు పక్కన ఉన్న 20 గుంటలు అమ్మి అప్పు తీర్చాడు.

"రేషన్ కార్డు ఉంది కదా, ఆరోగ్యశ్రీ అడగలేదా?" అన్నాను.

"అడిగిన సారూ. ఈ దవాఖానల కార్డు నడవదన్నరు. మరి ఏ దవాఖానల నడుస్తదో అడగాలని అప్పుడు తోచలే."

అదే పట్నంలో, ఆటోలో పావుగంట దూరంలో, అదే స్టెంటు ఆరోగ్యశ్రీ మీద వేసే ఆసుపత్రి ఉంది. ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు. చెప్పి ఏం లాభం? నన్ను ఇంకో సంగతి కూడా బాధపెట్టింది. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్న ఆ వారంలోనే నేను ఆ ఊరు వెళ్ళి, గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టల గురించి గంటసేపు మాట్లాడి వచ్చాను. నాకు ప్రభుత్వ ఉద్యోగిగా హెల్త్ కార్డు ఉంది. జబ్బు చేస్తే భూమి పోతుందన్న భయం నాకు లేదు. ఆ భయం లేనివాడికి ఈ విషయం గుర్తుకు రాదు. ఎరువులు, పురుగుమందుల గురించే రాసే ఈ చోట ఆసుపత్రుల గురించి రాస్తున్నది అందుకే.

చేతి డబ్బుతో అయ్యే పనేనా?

బీమా లేని చిన్న రైతు సొంత డబ్బుతో వైద్యం చేయించుకోగలడా అని ఎవరైనా అడిగితే, జ్వరానికీ విరేచనాలకూ చేయించుకోగలడు. పడకెక్కే జబ్బు వస్తే, ప్రైవేటు ఆసుపత్రిలో అయితే, చేయించుకోలేడు. మన లెక్కలోనే చూద్దాం.

2017-18లో జరిగిన 75వ విడత జాతీయ నమూనా సర్వే ప్రకారం, గ్రామాల వాళ్ళు ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటున ప్రభుత్వ ఆసుపత్రిలో 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయింది. కాన్పులు ఇందులో కలపలేదు. ఇవి పాత ధరలు, పైగా సగటు. సగటులో మలేరియా ఉంటుంది, గుండె ఆపరేషనూ ఉంటుంది.

ఇప్పుడు మీ చేను లెక్క తీయండి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఎకరానికి 8 క్వింటాళ్ళు వచ్చి, తేమ 8 శాతం దాటకుండా సీసీఐ మొత్తం కొన్నదనుకుందాం. చేతికి 64,880 వస్తుంది. దుక్కి, విత్తనం, ఎరువు, మందు, కలుపు, తీత కూలి పోను 20, 25 వేలు మిగిలితే మంచి సంవత్సరం అనుకుంటాం. అంటే ఎనిమిదేళ్ళ కిందటి సగటు ప్రైవేటు బిల్లు ఒక్కటే ఒక ఎకరం ఏడాది మిగులును మింగేస్తుంది. ఆటో చార్జీలు, తోడున్న మనిషి తిండి, ఇద్దరి కూలి, కలుపు తీయక పోయిన పంట ఏ బిల్లులోనూ రాయరు. అవి కూడా మీ జేబులోంచే పోతాయి.

ప్రభుత్వ ఆసుపత్రికీ ప్రైవేటుకూ తేడా ఆరు రెట్లకు పైగా ఉంది. డబ్బున్నవాడికి అది సౌకర్యం మీద పెట్టే ఖర్చు. మీకు మాత్రం భూమి ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా. నేను చూసిన చాలా కుటుంబాల్లో ఆ తేడా మొదటి రెండు గంటల్లోనే తేలిపోయింది. రోగిని ఏ గేటు ముందు దింపారన్నదాన్ని బట్టే తేలింది. తర్వాత ఎంత తిరిగినా పెద్దగా మారలేదు. కాబట్టి ఆ రెండు గంటలకు ముందు, అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

రైతుబీమా ఆసుపత్రి బిల్లు కట్టదు

ముందుగా ఒక అపోహ తొలగిపోవాలి. "మాకు బీమా ఉంది సార్, రైతుబీమా" అని చాలామంది ధీమాగా చెబుతారు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబీమా జీవిత బీమా. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ళ రైతు చనిపోతే, కారణం ఏదైనా సరే, నామినీకి 5 లక్షలు వస్తాయి. మంచి పథకం. నా చేతుల మీదుగానే ఎన్నో కుటుంబాలకు దరఖాస్తులు పంపాను. కానీ రైతు బతికి, ఆసుపత్రిలో నెల రోజులు ఉంటే అందులోంచి ఒక్క రూపాయి రాదు.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్ష బీమా కూడా అంతే. ప్రమాదంలో చనిపోతే, లేదా రెండు కళ్ళో రెండు కాళ్ళో పోతే 2 లక్షలు. ఒక కన్నో ఒక కాలో చెయ్యో పోతే లక్ష. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకు ఉంది. 20 రూపాయలకు ఇది తప్పక తీసుకోవలసిందే. ఏటా మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉండేట్టు చూసుకోండి. కాలు విరిగి కట్టు వేయించుకుంటే మాత్రం ఇది పనికిరాదు. పంటల బీమా సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మీకు ఉన్న అసలు బీమా రేషన్ కార్డే

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబానికి ఇది వర్తిస్తుంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు చేశారు. గుండె, కిడ్నీ, క్యాన్సర్, మెదడు, కాలిన గాయాలు, ప్రమాదాల ఆపరేషన్లు, ఇట్లా పద్దెనిమిది వందలకు పైగా చికిత్సలు ఇందులో ఉన్నాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌ను కూడా దీనితోనే కలిపి నడుపుతున్నారు.

ఆంధ్రప్రదేశ్ రైతులకు ఇదే పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. 2023 డిసెంబర్‌లో పరిమితిని 25 లక్షలకు పెంచారు. రెండు రాష్ట్రాల సరిహద్దు మండలాల్లో ఉన్నవాళ్ళు ఒక జాగ్రత్త పడాలి. మీకు దగ్గరి పట్నం అవతలి రాష్ట్రంలో ఉంటే, అక్కడ మీ కార్డు నడుస్తుందో లేదో 104కు ఫోన్ చేసి ఇప్పుడే అడగండి. రోగిని తీసుకుని అక్కడిదాకా పోయాక అడిగితే ఆలస్యం.

కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. మొన్న రైతు వేదికలో విత్తనాల సమావేశం అయ్యాక అందరి కార్డులు తీయించి చూశాం. ఒకరి కార్డులో కోడలి పేరు లేదు. పెళ్ళయి ఆరేళ్ళయింది. పుట్టింటి కార్డులో తీసేశారు, ఇక్కడ ఎక్కించలేదు. ఇద్దరు పిల్లల పేర్లూ లేవు. ఇంకొకాయన తండ్రి నుంచి వేరుపడి పదేళ్ళయింది, సొంత కార్డు లేదు. ఆధార్‌లో ఇంటి పేరు ఒకలా, కార్డులో ఇంకోలా ఉన్నవాళ్ళు సరేసరి. ఇవన్నీ బియ్యం తీసుకునేటప్పుడు పెద్దగా అడ్డురావు. మిగతావాళ్ళ బియ్యం వస్తూనే ఉంటాయి కాబట్టి పట్టించుకోం. ఆపరేషన్ బల్ల మీద ఉన్నది ఆ కోడలే అయితే అప్పుడు తెలుస్తుంది.

చాలా ఏళ్ళ తర్వాత తెలంగాణలో 2025లో కొత్త రేషన్ కార్డులు ఇచ్చారు, పేర్లు కూడా చేర్చారు. మీ ఇంట్లో పేరు లేనివాళ్ళు ఉంటే మీసేవలో దరఖాస్తు పెట్టి, రసీదు దాచుకుని, తహసీల్దార్ కార్యాలయంలో వెంటపడండి. నాట్లకు ముందు ఈ పని అయిపోవాలి. నాట్లు మొదలయ్యాక ఎవరికీ తీరదు.

ఇంట్లో 70 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళు ఉంటే, 2024 అక్టోబర్ 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు ఉంటే చాలు. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. మీరు వెళ్ళే ఆసుపత్రి దాన్ని తీసుకుంటుందా అన్నది 14555కు ఫోన్ చేసి ముందే తెలుసుకోండి.

ఏ గేటు ముందు దింపాలి

మీ మండలం నుంచి గంటలోపు దూరంలో ఏయే ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ ఉందో, ఏ జబ్బుకు ఉందో తెలుసుకోండి. ఈ రెండో మాట ముఖ్యం. బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉంటుంది, లోపలికి పోతే "ఎముకలకు ఉంది, గుండెకు లేదు" అంటారు. అది మోసం కాదు, అనుమతి విభాగాల వారీగా ఉంటుంది. 104కు ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పి అడగండి. ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి కూర్చుంటారు. డాక్టరు కంటే ముందు ఆయన దగ్గరికో ఆమె దగ్గరికో ఇంట్లో ఒకరు వెళ్ళాలి. కార్డు ఇంట్లో మరచిపోయినా ఆగిపోకండి. ఫోన్‌లో ఫొటో ఉన్నా, నంబరు ఉన్నా పని మొదలవుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. "కార్డు మీద అయితే మూడు రోజులు ఆగాలి, డబ్బు కడితే ఇప్పుడే చేస్తాం" అని ఎవరైనా అంటే, ఆ మాట అన్న మనిషి ముందే 104కు ఫోన్ చేయండి.

అనుమతి వచ్చిన చికిత్సకు ఆసుపత్రి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. "స్టెంటు మంచిది వేస్తాం, పైన 40 వేలు ఇవ్వండి" అనడం కూడా అందులోకే వస్తుంది. ఫిర్యాదు కూడా 104కే.

108 వాహనానికి డబ్బు లేదు. ఎక్కేటప్పుడే "ఆరోగ్యశ్రీ ఉన్న చోటికి గానీ ప్రభుత్వ ఆసుపత్రికి గానీ తీసుకుపోండి" అని గట్టిగా చెప్పండి. ఆర్‌ఎంపీల గురించి ఒక మాట. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది వాళ్ళే, ఆ సాయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఏ ఆసుపత్రికి పంపాలన్న సలహా వాళ్ళ దగ్గర తీసుకోకండి. రోగిని పంపినందుకు కొన్ని చోట్ల వాళ్ళకు కమీషన్ ముడుతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రాత్రి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

రోడ్డు ప్రమాదాలకు వేరే సౌకర్యం వచ్చింది. 2025 మే నుంచి అమలులో ఉన్న కేంద్ర పథకం కింద, రోడ్డు మీద మోటారు వాహనం వల్ల గాయపడిన ఎవరికైనా మొదటి ఏడు రోజులు 1.5 లక్షల వరకు నగదు లేకుండా వైద్యం చేయాలి. రేషన్ కార్డు ఉందా లేదా అన్నది ఇందులో లేదు. మార్కెట్‌కు పోతూ రోడ్డు మీద ట్రాక్టరు తిరగబడినా ఇది వర్తిస్తుంది. పోలీసులకు సమాచారం ఇవ్వడం మాత్రం మరవకండి.

పాముకాటు, పురుగుమందు: ఈ రెండింటికీ ప్రభుత్వ ఆసుపత్రే

మన పనిలో వచ్చే ప్రమాదాలు ఇవే కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది. ఏ పాము కరిచిందో తెలియాల్సిన పని లేదు, దాన్ని చంపి సంచిలో వేసుకుని పోవాల్సిన పని అంతకన్నా లేదు. విషం ఎక్కిన లక్షణాలు ఉంటే మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాలు పడతాయి. ప్రైవేటులో ప్రతి సీసా బిల్లులోకి ఎక్కుతుంది, ఐసీయూ అద్దె వేరే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ మందు ఉచితం. కాబట్టి జూన్ మొదటి వారంలో ఒక పని చేయండి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఉందా, రాత్రిపూట డాక్టరు ఉంటారా అని అడగండి. లేకపోతే ఏరియా ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోండి. కాటు పడ్డాక కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం, ఇవన్నీ సమయం తినేస్తాయి. కరిచిన కాలు కదలకుండా ఉంచి మనిషిని నేరుగా తీసుకుపోవాలి. చేను దగ్గర నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా తెలియవు. తెల్లవారి కళ్ళు మూతలు పడుతుంటే, కడుపునొప్పి అంటుంటే పాముకాటేమో అని అనుమానించండి.

పురుగుమందు విషయంలో, పిచికారీ చేస్తూ కళ్ళు తిరిగినా, చొంగ కారినా, చూపు మసకబారినా ముందు బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్ళు కడగండి. బలవంతంగా వాంతి చేయించకండి. మందు డబ్బా గానీ దాని లేబుల్ గానీ తప్పకుండా వెంట తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన విరుగుడు ఇవ్వగలరు. తెలియకపోతే పరీక్షల మీద పరీక్షలు, రోజుల మీద రోజులు. లేబుల్ మీది రంగు త్రికోణం చెప్పినా కొంత ఉపయోగమే. ఎరుపు అన్నిటికన్నా విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొన్నప్పుడు బిల్లు తీసుకోమని నేను ప్రతి సమావేశంలో పోరుతుంటాను కదా, ఇక్కడ కూడా ఆ బిల్లు పనికొస్తుంది.

డబ్బు కట్టలేదని అత్యవసరంలో రోగిని వెనక్కి పంపవచ్చా? ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకు పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం నిలిపే వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 1996లో వచ్చిన ఇంకో తీర్పు మన బోటి వాళ్ళదే. పశ్చిమ బెంగాల్‌లో వ్యవసాయ కూలీల సంఘానికి చెందిన ఒకాయన 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, మంచం ఖాళీ లేదని ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఇంకొకటి తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో సొంత డబ్బుతో చేయించుకున్నాడు. ఆయనకు 25 వేలు పరిహారం ఇవ్వాలనీ, డబ్బు లేదన్న కారణంతో అత్యవసర వైద్యం ఇవ్వకుండా ప్రభుత్వం తప్పించుకోలేదనీ కోర్టు తేల్చింది. గేటు దగ్గర తీర్పులు చదివి వినిపించమని నేను చెప్పను. "ముందు చూడండి, కాగితాలు తర్వాత" అని నిలబడి అడిగే హక్కు మీకు ఉందని తెలిస్తే చాలు.

కార్డు కాయని చోట్లు

ఆరోగ్యశ్రీ ఉంటే అన్నీ ఉచితం అనుకుంటే మోసపోతారు. జ్వరాలు, ఓపీ చీటీ, చేరకముందు చేయించిన స్కానింగులు, నెలనెలా వాడే మందులు చాలావరకు మీ ఖర్చే. పెద్ద ఆపరేషన్ ఉచితంగా అయి, తర్వాత నెలకు రెండు వేల మందులు కొనలేక ఆపేసి మళ్ళీ పడినవాళ్ళను చూశాను.

ఇక్కడ డబ్బు మిగిలే దారులు మూడు ఉన్నాయి. బీపీ, షుగర్ మాత్రలు ఆరోగ్య ఉపకేంద్రాల్లో, పల్లె దవాఖానల్లో ఊరికే ఇస్తారు. ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి. రక్త పరీక్షలకు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే జిల్లా కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేసి ఫలితం పంపుతారు. మిగతా మందులకు జన ఔషధి దుకాణం. డాక్టరు రాసిన కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకుని వెళ్ళండి. అదే మందు చాలా తక్కువకు వస్తుంది.

నడుంనొప్పి గోళీలను బఠానీల్లా మింగే అలవాటు మన రైతుల్లో ఎక్కువ. ఏళ్ళ తరబడి అట్లా మింగితే, బీపీ కూడా చూసుకోకపోతే, కిడ్నీల మీద పడుతుంది. డయాలసిస్‌కు కార్డు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు, పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ వారానికి రెండు మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు యంత్రం దగ్గరే. తోడు ఒకరు. ఆ ఇంట్లో ఇద్దరి వ్యవసాయం ఆగిపోతుంది. ఉచిత బీపీ గోళీ దగ్గర ఆగవలసిన ఖర్చు అది.

కార్డు రానివాళ్ళు, అంటే ఏ కారణం చేతనైనా రేషన్ కార్డుకు అర్హత లేనివాళ్ళు, ప్రైవేటు ఆరోగ్య బీమా గురించి ఆలోచించాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ తీసేశారు, కొంత భారం తగ్గింది. జబ్బు వచ్చాక కొంటే మాత్రం ప్రయోజనం తక్కువ. ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు సాధారణంగా డబ్బు రాదు. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. షుగర్ ఉంటే ఉందని ఫారంలో రాయించండి. ఏజెంటు "రాయకపోతే ప్రీమియం తగ్గుతుంది" అంటాడు. క్లెయిమ్ రోజున ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఆరోగ్యశ్రీ చక్కగా ఉన్న రెండెకరాల రైతు మాత్రం ఎవరో చెప్పారని పరుగెత్తి ఇంకో పాలసీ కొననక్కరలేదని నా అభిప్రాయం. ఆ డబ్బు వైద్యం కోసమని వేరే ఖాతాలో ఉంచితే ఓపీ ఖర్చులకు పనికొస్తుంది.

అప్పు తప్పకపోతే

అన్నీ చూసుకున్నా ఒక్కోసారి అప్పు తప్పదు. అప్పుడైనా మూడు రూపాయల వడ్డీ చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కాకూడదు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్కగట్టేటప్పుడు పంట పెట్టుబడి మీద 10 శాతం ఇంటి అవసరాలకూ కోత తర్వాతి ఖర్చులకూ కలుపుతారని చాలామందికి తెలియదు. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలకు ఏడాదికి 4 వేలు. మూడు రూపాయల వడ్డీ అయితే 36 వేలు. మహిళా సంఘం రుణం కూడా ఊరి వడ్డీ కంటే చాలా చౌక. అక్కచెల్లెళ్ళను అడగడానికి మొహమాటపడి షావుకారు దగ్గరికి పోకండి. పాసుపుస్తకం ఎవరి చేతిలోనూ పెట్టకండి. ఖాళీ కాగితం మీదా, ఖాళీ చెక్కు మీదా సంతకం చేయకండి.

ప్రైవేటులో చేరాక ఖర్చు పెరుగుతుంటే, "మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వండి" అని మొదటి రోజే అడగండి. ప్రాణాపాయం గడిచాక ప్రభుత్వ ఆసుపత్రికి గానీ ఆరోగ్యశ్రీ ఉన్న చోటికి గానీ మార్చమని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. వివరంగా రాసిన బిల్లు, కేసు కాగితాలు తీసుకోవడం రోగి హక్కు. బిల్లు బాకీ ఉందని రోగిని గానీ శవాన్ని గానీ ఆపి ఉంచకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి కాగితం భద్రంగా ఉంచితే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిమ్స్‌లో చేరవలసిన వాళ్ళకు ముందుగానే ఎల్‌ఓసీ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. దీనికి మధ్యవర్తి అవసరం లేదు. "పది శాతం ఇస్తే నేను తెప్పిస్తా" అనేవాడికి కాగితాలు ఇస్తే, కాగితాలూ పోతాయి.

నేను మొదట చెప్పిన రైతు ఈ మధ్య కార్డు పట్టుకుని రైతు వేదికకు వచ్చాడు. తండ్రి బాగానే ఉన్నాడు, ఉదయం బర్రెలను తోలుకుపోతున్నాడు. కార్డులో మనవరాలి పేరు లేదు. దరఖాస్తు పెట్టించాం. మీరు కూడా వచ్చే మంగళవారం మీ రేషన్ కార్డు, ఇంట్లో అందరి ఆధార్ కార్డులు తీసుకుని మీ క్లస్టర్ రైతు వేదికకు రండి. ఆ రోజు మేం అక్కడ ఉంటాం. పేర్లు సరిచూసి, తప్పులుంటే ఏ కార్యాలయంలో ఏ కాగితం ఇవ్వాలో రాసిస్తాం. యూరియా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.